ఇంటి వెనక గుట్ట, ఇంట్లో భయం

హైదరాబాద్ పడమటి శివార్లలో, కొల్లూరు వైపు ఉన్న ఒక గేటెడ్ కమ్యూనిటీ నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు, కాలనీ వివరాలు వేయవద్దన్నారు. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

భార్యాభర్తలిద్దరూ ఐటీ ఉద్యోగులు. రెండేళ్ల కిందట బ్యాంకు లోను తీసుకుని విల్లా కొనుక్కున్నారు. ఏడేళ్ల పాప ఉంది. కోనసీమ నుంచి వచ్చిన అత్తగారు కూడా వీళ్ల దగ్గరే ఉంటున్నారు. కాంపౌండ్ గోడ అవతల రాళ్ల గుట్ట, దాని పక్కన చిన్న కుంట, గట్టు మీద ఓ పెద్ద పుట్ట. "ఆ గుట్టను చూసే ఈ ఇల్లు తీసుకున్నాం" అని రాశారామె. మొన్న జూలైలో వాష్ ఏరియాలో, వాషింగ్ మెషీన్ వెనక, బారెడు పాము కనబడింది. పనమ్మాయి కేకలకు సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు. "కొట్టెయ్ అని నేనే అరిచాను." అతను కర్రతో కొట్టి చంపాడు. పాప మెట్ల మీద నిలబడి అంతా చూసింది. తర్వాత ఫోటో చూసినవాళ్లు అది జెర్రిపోతని, విషం లేనిదని చెప్పారు. నెల తిరక్కుండానే షూ ర్యాక్‌లో జానెడు పిల్లపాము పడగ విప్పింది. ఈసారి పాములు పట్టేవాళ్లను పిలిపించారు. వాళ్లు నాగుపాము పిల్ల అని చెప్పి, డబ్బాలో పెట్టుకుని తీసుకెళ్లారు.

అప్పటినుంచి పాప ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్లడం మానేసింది. రాత్రిళ్లు లేచి ఏడుస్తోంది. చచ్చిన పాము జోడీ పగబట్టిందని, మోపిదేవి వెళ్లి పూజ చేయించేదాకా ఇంటికి శాంతి లేదని అత్తగారి మాట. ఇల్లు అమ్మేద్దామని భర్త మాట. కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజూ గొడవే. గుట్టనీ పుట్టనీ జేసీబీ పెట్టి చదును చేయిద్దామని వచ్చే నెల జనరల్ బాడీ మీటింగ్‌లో తీర్మానం పెడుతున్నారు. ఈమె కమిటీ సభ్యురాలు. "ఊ అంటే అత్తయ్య నాతో మాట్లాడరు. వద్దంటే మా వారు, పక్కిళ్లవాళ్లు మాట్లాడరు. టెన్షన్‌తో నిద్ర కరువైంది. ఏం చేయమంటారు?"

జవాబు:

మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన సంగతిని మీరు ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకు వెళ్లిపోయారు. "కొట్టెయ్ అని నేనే అరిచాను" అన్నది. ముందు అక్కడ కాసేపు ఆగుదాం.

మెట్ల మీద పాప ఉంది, ఎదురుగా బారెడు పాము ఉంది. అది జెర్రిపోతా, తాచా అని తేల్చుకునే తీరిక ఆ నిమిషంలో ఏ తల్లికీ ఉండదు. ఆ మాట నోట్లోంచి వచ్చినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవాల్సిన పని లేదు. అయితే మీరుండే చోటులో ఇలాంటి సందర్భం మళ్లీ వస్తుంది. అందుకే ఆ మాట వల్ల ఏం జరిగి ఉండేదో తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పామును చంపడం నేరం. 2022 సవరణ తర్వాత నాగుపాము కూడా పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే, అంటే చట్టం అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితాలోనే ఉంది. అంటే కేసు అయితే జైలు దాకా వెళుతుంది. ఆ కేసు మొదట పడేది కర్ర పట్టుకున్న మనిషి మీద.

కేసు సంగతి అలా ఉంచండి. ఆ పాము నిజంగానే నాగుపామై ఉంటే అతని గతేమిటి? 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. దాదాపు అందరూ పల్లెల్లో ఉండేవాళ్లే. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలో పైన ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. మీ కాలనీలో ఆ పల్లె మనుషుల స్థానంలో ఉన్నదెవరో చూడండి. రాత్రంతా గేటు దగ్గర తిరిగే సెక్యూరిటీ అతను, తడి గడ్డిలో చేతులు పెట్టే తోటమాలి, తెల్లవారుజామున వెనక తలుపు తీసే పనమ్మాయి. మీ ఉత్తరంలో పాప భయం ఉంది, మీ భయం ఉంది, మీ వారి భయం ఉంది. కాలనీలో పనిచేసే ఆ ముగ్గురికి ఉన్న ప్రమాదం మాత్రం లేదు. మీ వాట్సాప్ గొడవలోనూ అది లేదనే నా అనుమానం. మీరు కమిటీలో ఉన్నారు కాబట్టి ఇంత సూటిగా చెబుతున్నాను.

ఇక పగ సంగతి. పాములు ఒంటరిగా బతుకుతాయి. జత కట్టే రోజుల్లో తప్ప జంటగా ఉండవు. మనిషి మొహం గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వచ్చే తెలివి వాటికి లేదు. జెర్రిపోతు మగ నాగుపాము అని ఊళ్లలో అంటారు గానీ, రెండూ వేరు వేరు జాతులు. జెర్రిపోతుకు పడగ ఉండదు, పెద్ద గుండ్రటి కళ్లుంటాయి, పెదవుల మీద నల్లటి గీతలుంటాయి, మనిషి అలికిడైతే ఆగకుండా పారిపోతుంది. నాగుపాము ఎండాకాలంలో ఎలుక బొరియల్లో, పుట్టల్లో గుడ్లు పెడుతుంది. సుమారు రెండు నెలలకు, సరిగ్గా వానలు పడే వేళకు, పిల్లలు బయటికొచ్చి తలో దిక్కూ పోతాయి. మీ షూ ర్యాక్‌లోకి వచ్చింది అలాంటి పిల్లే. మొదటిది ఏ దారిన, ఎందుకు వచ్చిందో రెండోదీ అలాగే వచ్చింది. ఆ దారి మూయకపోతే మూడోదీ వస్తుంది.

ఆ దారి ఎక్కడుందో మీరే చూడొచ్చు. ఒక రోజు పగటిపూట బూట్లు వేసుకుని ఇంటి వెనక్కి వెళ్లండి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్స్, గ్రానైట్ ముక్కలు గోడకు చేర్చి పేర్చి ఉంటాయి, కొత్త కాలనీల్లో ఇది లేని ఇల్లు అరుదు. చేతులు పెట్టకుండా పొడుగు కర్రతో పై ముక్క కాస్త జరిపితే కింద ఎలుక తవ్విపోసిన మట్టి, పెంటికలు కనబడతాయి. ఒక్కోసారి కుబుసం కూడా. తర్వాత వెనక తలుపు మూసి, లోపల లైటు వేసి, బయట నుంచి కింద చూడండి. వెలుతురు గీతలా బయటికి వస్తోందంటే, ఆ సందులోంచి పిల్లపాము లోపలికి వస్తుంది. వాష్ ఏరియాలో మురుగు గొట్టం మీద జాలీ ఉందా, ఊడిపోయి పక్కన పడి ఉందా? కాంపౌండ్ గోడ అడుగున వాన నీళ్లు పోవడానికి వదిలిన కన్నాలకు వలలున్నాయా? పక్కింటివాళ్లు పావురాలకు గింజలు చల్లుతున్నారా? గింజలకు ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం పాములొస్తాయి. మీరు చంపించిన జెర్రిపోతు ఆ ఎలుకల్ని తినడానికే వచ్చింది.

కొందరు కార్బాలిక్ యాసిడ్ చల్లమంటారు, గంధకం, వెల్లుల్లి రసం అంటారు. వీటికి పాములు ఆగవు. యాసిడ్ మాత్రం పిల్లల చర్మం కాలుస్తుంది. ఆ డబ్బుతో తలుపుల కింద రబ్బరు పట్టీలు, అర సెంటీమీటరు కంటే పెద్ద కన్నాలు లేని జాలీలు వేయించండి.

ఇప్పుడు తీర్మానం. చదును చేయిద్దాం అంటున్నవాళ్లు మూర్ఖులు కారు, వాళ్లకీ చిన్న పిల్లలున్నారు. వాళ్ల మాట వింటే ఏం జరుగుతుందో నిదానంగా చూద్దాం. ముందుగా, ఆ గుట్ట ఎవరిది? మీ అసోసియేషన్ భూమి కాకపోతే జేసీబీ అటు తిప్పడానికే మీకు హక్కు లేదు. కుంట నిండితే నీళ్లు వచ్చే మేరలోనో (ఎఫ్‌టీఎల్), దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్‌లోనో మట్టి కదిపితే ఆ గొడవ ఎంత దూరం వెళుతుందో 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక హైదరాబాద్‌లో అందరికీ తెలుసు. ఒకవేళ అనుమతులన్నీ ఉన్నాయనే అనుకుందాం. జేసీబీ బండలు పెకలించిన రోజున వాటి కింద ఉన్న ఎలుకలు, తేళ్లు, పాములు అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. అవి మాయమైపోవు. పక్కనే నీడ, నీళ్లు, ఎలుకలు దొరికే చోటుకి పోతాయి, అంటే మీ తోటల్లోకి, వాన నీటి కాలువల్లోకి. వానాకాలంలో ఈ పని చేస్తే మీ కాలనీ చరిత్రలోనే ఎక్కువ పాములు కనబడేది ఆ నెలలోనే. కొన్నేళ్లకు అంతా కాంక్రీటు అయ్యాక పాములు తగ్గవచ్చు, ఆ మాట కాదనను. కానీ ఎలుకలు తగ్గవు, డ్రైనేజీల్లో బతకడం నాగుపాముకి కొత్త కాదు. ఇక మీకు ఆ ఇంటిని నచ్చేలా చేసిన గుట్ట పోతుంది. దక్కన్ గ్రానైట్ బండలు రెండు వందల కోట్ల ఏళ్లు దాటినవి. ఒకసారి పగలగొడితే అంతే.

రెండో దారి, పాములన్నిటినీ పట్టించి అడవిలో వదిలేయడం. వినడానికి బాగుంటుంది. ఇంట్లో దూరిన పామును తీసుకెళ్లమంటే వస్తారు గానీ, గుట్టలో తన మానాన తానున్న పామును పట్టమంటే బాధ్యత ఉన్న వాళ్లెవరూ ఒప్పుకోరు. తెలియని చోట దూరంగా వదిలిన పాము దారీతెన్నూ తెలియక తిరిగి తిరిగి తరచూ చచ్చిపోతుంది. ఇక్కడ ఖాళీ అయిన బొరియలోకి ఇంకోటి వస్తుంది. డబ్బు ఖర్చవుతుంది, భయం మాత్రం తగ్గదు.

మూడోది, గుట్టను గుట్టగా వదిలేసి గోడ ఇవతల మొత్తం సర్దుకోవడం. గోడ కన్నాలకు వలలు, గోడ మీదికి పాకిన తీగలు కొట్టేయడం, గోడ వెంట కొంత మేర గడ్డి పొట్టిగా ఉంచడం, మిగిలిన కట్టుబడి సామాను లారీకెత్తించడం, చెత్త రోజూ తీయించడం, నడిచే దారుల్లో కింద దాకా పడే లైట్లు. ఇది మెల్లగా సాగే పని. కమిటీలో ఎవరో ఒకరు ఏడాది పొడుగునా వెంటపడాలి. ఇంత చేసినా ఇక పాము కనబడదని నేను మాట ఇవ్వలేను, ఎవరిచ్చినా నమ్మకండి. ఎప్పుడో ఒకటి వస్తుంది. అది వచ్చినప్పుడు ఎవరూ కర్ర పట్టుకోకుండా, ఎవరూ కాటు తినకుండా బయటికి పోయేలా చూసుకోవడమే ఈ దారిలో ఉన్నది. నన్నడిగితే నేను దీనివైపే. కానీ ఓటు మీది, రోజూ ఆ మనుషుల మధ్య తిరగాల్సింది మీరు.

మీటింగ్‌లో ఊ అనాలా, వద్దనాలా అన్న ఇరకాటంలో ఇరుక్కోకండి. వాయిదా అడగండి. "వానలు తగ్గేదాకా మట్టి కదపొద్దు, ఈలోగా గోడ ఇవతల పని పూర్తి చేద్దాం, తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం" అంటే చాలామంది ఒప్పుకుంటారు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి పాములు పట్టి అటవీశాఖతో కలిసి వదిలే పని చేస్తోంది. అలాంటి వాళ్లను మీటింగ్ కంటే ముందే ఒకసారి పిలిచి కాలనీ అంతా తిప్పి చూపించండి. మీరు చెబితే వాదన అవుతుంది. ఏళ్లుగా పాములు పట్టిన మనిషి మీ గోడ కన్నం చూపించి చెబితే అందరూ వింటారు.

అత్తగారి విషయంలో మీరు పొరబడుతున్నారేమో అనిపించింది. ఆవిడను మీరు సమస్యలో ఒక భాగంగా రాశారు. కోనసీమ కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన మనిషికి పాములతో కలిసి బతకడం మీ కాలనీ మొత్తంలో ఎవరికీ తెలియనంత బాగా తెలుసు. చీకట్లో నడిచేటప్పుడు కర్రతో నేల తడుతూ వెళ్లడం, చెప్పులు దులిపి వేసుకోవడం, కట్టెల మోపులో ఊరికే చెయ్యి పెట్టకపోవడం అంతా ఆవిడకు చిన్నప్పటి అలవాటే అయి ఉంటుంది. నాగుల చవితినాడు పుట్ట దగ్గర ఆడవాళ్లు వేడుకునేది కూడా అదే కదా, పొరబాటున తొక్కితే పగవాళ్లమనుకోవద్దని. మోపిదేవి పూజ మాన్పించకండి. ఆవిడ మనసు కుదుటపడుతుంది, మీకూ ఆ "కొట్టెయ్" మాట దించుకునే చోటు దొరకవచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగా, గౌరవంగా అడగండి: "అత్తయ్యా, పగ మాట పాప ముందు అనకండి. దానికి బదులు మీ చిన్నప్పుడు తోటలో ఎలా జాగ్రత్తపడేవారో చెప్పండి." పుట్ట కదపొద్దన్న విషయంలో ఆవిడ మాటా, పాములు పట్టేవాళ్ల మాటా ఒక్కటే అవుతాయి. ఇంట్లో మీకు తోడు దొరికినట్టే.

పాప గురించి మీరు "పాములంటే భయపడుతోంది" అని రాశారు. నాకు అంత ఖాయంగా తోచలేదు. ఆ పిల్ల పామునే కాదు, పెద్దవాళ్లు అరుస్తుంటే ఒక ప్రాణిని కొట్టి చంపడం కూడా చూసింది. అమ్మ గొంతు అలా మారడం బహుశా మొదటిసారి విని ఉంటుంది. "ఏమీ లేదు, భయపడకు" అనకండి. ఉన్నదని తనకు తెలుసు. ఆ రోజు ఏం చూశావో చెప్పమని అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఆ పాము విషం లేనిదని, మనకు తెలియక చంపేశామని, అమ్మ కూడా భయపడిందని నిజం చెప్పండి. ఆ తర్వాత తనకో పని అప్పజెప్పండి. ఇంట్లో అందరి బూట్లు పొద్దున్నే తలకిందులుగా దులిపించడం మీ పర్యవేక్షణలో తన డ్యూటీ. బాత్రూమ్‌కి టార్చి తానే పట్టుకుని ముందు లోపల చూసి, తర్వాత మీతో కలిసి వెళ్లడం, మెల్లగా మీరు గుమ్మం దగ్గరే ఆగిపోవడం. నెహ్రూ జూ పార్కులో అద్దాల వెనక పాములుంటాయి. తానే అడిగితే తీసుకెళ్లండి, ధైర్యం వస్తుందని మీరు లాక్కెళ్లకండి. కొన్ని వారాలు ఇలా చేశాక కూడా రాత్రిళ్లు లేచి ఏడుస్తుంటే పిల్లల మానసిక వైద్యులను కలవడానికి మొహమాటపడొద్దు.

మీ వారి మాట పిరికితనం అనుకోకండి. ఇల్లు అమ్మడం కూడా ఒక దారే, కొందరికి అదే సరైనది. కానీ భయంలో అమ్మితే వచ్చిన ధరకు ఇచ్చేస్తారు, లోను లెక్కలు మీకే తెలుసు. పైగా ఎక్కడికి వెళతారు? శివార్లలో కొత్త కాలనీ ఏదైనా ఏదో ఒక గుట్ట పక్కనో, చెరువు పక్కనో, పొలం మీదో లేచిందే. అపార్ట్‌మెంట్లో పై అంతస్తుకి మారితే ఈ బెడద చాలా మటుకు తగ్గుతుంది, తోట పోతుంది, అత్తగారికి నడక పోతుంది. చలికాలంలో పాముల సంచారం తగ్గుతుంది కాబట్టి అప్పటిదాకా నిర్ణయం ఆపుదామని ఆయన్ని అడగండి. అప్పటికి తలుపులు, గోడ బాగుపడి, పాప నిద్ర కుదిరి, ఆయన మనసు మాత్రం అక్కడ నిలవకపోతే, అమ్మండి. ఒక ఇంటి కోసం రోజూ బిక్కుబిక్కుమంటూ బతకమని నేనెవరికీ చెప్పను.

వీటిలో ఏ దారి పట్టినా మీటింగ్ దాకా ఆగకూడని పనులు కొన్ని ఉన్నాయి. పాము కనబడితే పిల్లల్నీ కుక్కల్నీ లోపలికి పంపి, గది తలుపు మూసి, సందులో గుడ్డ పెట్టి, దూరం నుంచి ఒకరు అది ఎటు పోతుందో చూస్తూ ఉండాలి. ఇంకొకరు ఫోన్ చేయాలి. ఎవరూ దాని దారికి అడ్డు నిలబడకూడదు. ఎవరైనా నేల మీద పడుకుంటుంటే ఈ రాత్రి నుంచే మంచం, దోమతెర ఏర్పాటు చేయండి. కట్లపాము రాత్రి తిరుగుతుంది, దాని కాటు చాలామందికి నొప్పే తెలియదు, తెల్లవారాక కడుపునొప్పి, కనురెప్పలు వాలడం మొదలయ్యేదాకా. కాటు పడితే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, నాటు మందులు, మంత్రాలు ఏవీ వద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా చెక్క ఆనించి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పామును పట్టుకెళ్లాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ఒకటే. అది అన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ ఉండకపోవచ్చు. మీకు దగ్గరలో ఎక్కడుందో, రాత్రిపూట దొరుకుతుందో లేదో ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఆసుపత్రి పేరు, పాములు పట్టేవాళ్ల నంబరు గేటు దగ్గర గోడ మీద తెలుగులోనూ హిందీలోనూ పెద్ద అక్షరాలతో రాయించండి. సెక్యూరిటీ వాళ్లకూ తోటమాలికీ గమ్‌బూట్లు, మంచి టార్చిలైట్లు కమిటీ డబ్బుతో కొనివ్వండి, పాముని కొట్టమని ఏ ఇంటివాళ్లు చెప్పినా కొట్టనక్కర్లేదని రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ కాగితం మీద మొదటి సంతకం మీరు పెట్టండి.